నల్లగా ఉండాల్సిన నాణెం

ఎటోబికో,
అక్టోబరు, మొదటి ఆదివారం

వాంకూవర్ సంస్థానాధీశ్వరి, మా పెద్దమ్మ ఏకైక పుత్రిక, దేవిశ్రీ అక్క గారి దివ్య సముఖానికి, పిన్ని కొడుకు జయదేవ్ వినయంగా రాసుకునే విన్నపం.

నేను క్షేమం. నువ్వూ క్షేమమేనని, కాకపోతే చెప్పవనీ తలుస్తున్నాను.

నువ్వు పంపిన ఫోటో అందింది. దాని కింద "ఇది అసలా నకలా, త్వరగా చెప్పు" అని ఒక్క ముక్క. ఫోన్ చేద్దామంటే నువ్వు పనిచేసే ఇంట్లో ఫోన్ డ్రాయర్‌లో పెట్టాలి. నువ్వు డ్రాయర్ తెరిచే వేళకి నేను వేర్‌హౌస్‌లో డబ్బాలు మోస్తుంటాను. అందుకే కాగితం మీద పడ్డాను. మా కాలేజీలో నేర్పనిది ఇక్కడైనా ప్రాక్టీసు అవుతుంది. మా కాలేజీ ఎక్కడుందని అడిగావు కదా. డ్రైక్లీనింగ్ షాపు పైన. ఇస్త్రీ ఆవిరి క్లాసులోకి వస్తుంది. చలికాలం ఉచితంగా వెచ్చగా ఉంటుందని ప్రాస్పెక్టస్‌లో రాయలేదు, అది వాళ్ల వినయం.

నీకు తెలియని సంగతి, ఇప్పుడు నేను పురాతన నాణేల నిపుణుణ్ణి. శని ఆదివారాలు ఎయిర్‌పోర్టు దగ్గర ఇండోర్ మార్కెట్‌లో, సాక్సుల కొట్టుకీ ఫోన్ కవర్ల కొట్టుకీ నడుమ, కోదండరామ్ గారని ఒక పెద్దాయన నాణేల స్టాల్ నడుపుతారు. లోహాల ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యారు. నేను ఆయన శిష్యుణ్ణి, అంటే ట్రేలు సర్దుతాను, టీ తెస్తాను.

నీ ఫోటోలోది స్పెయిన్ వాళ్లు ఒకప్పుడు మెక్సికోలో, పెరూలో దొరికిన వెండిని సుత్తితో కొట్టి చేసిన ఎనిమిది రియాళ్ల నాణెం తరహా. ఒకవైపు శిలువ, ఇంకోవైపు రెండు స్తంభాలు, కింద అలలు. బ్రహ్మచారి వేసిన మొదటి దోసెలా ఏ అంచూ ఇంకో అంచుతో మాట్లాడదు. ఇవి మోసుకెళ్లే ఓడలు మునిగాయి. డైవర్లు దిగి తీశారు. వాటిని చూసిన జనానికి ముచ్చట కలిగింది, ముచ్చట తీర్చడానికి బొమ్మల షాపులవాళ్లు అచ్చుపోసి లక్షల్లో దించారు. ఇప్పుడు అసలువీ నకళ్లూ ఒకే డ్రాయర్‌లో కాపురం చేస్తున్నాయి.

కాబట్టి పరీక్షలు. కిచెన్ త్రాసులో తూచు. అయస్కాంతం పెట్టు, వెండికి అంటదు. అంచు చుట్టూ సన్నటి గీత ఉందేమో చూడు, ఉంటే అది రెండు అచ్చులు కలిసిన అతుకు. ఉపరితలం మీద చిన్న గుంతలుంటే గాలిబుడగలు, అంటే పోత పోసింది. అసలుది సుత్తిదెబ్బ తిన్నది, దాంట్లో బుడగలుండవు. పాత నల్లదనం పల్లంలో ఎక్కువగా, మిట్టమీద తక్కువగా, మరకలు మరకలుగా ఉండాలి.

నకలని తేలితే గురువుగారికి ఒక వ్రతం ఉంది. సొంతదారు ఒప్పుకుంటే దానిమీద ఉక్కు ముద్రతో 'కాపీ' అని ఇంగ్లీషులో కొడతారు. ఇక ఆ జన్మకి అది ఎవర్నీ మోసం చేయదు.

ఇంతకీ నీకెక్కడిది?

నీ విధేయ తమ్ముడు,
జయదేవ్

తా.క. అసలైనది మరిచాను. దాన్ని కడగకు, తుడవకు. ఆ నల్లదనమే దాని ఆధార్ కార్డు.

*

వాంకూవర్,
అక్టోబరు చివర

ఒరేయ్ జయా,

నీ ఉత్తరం చదివి నవ్వాను. ఈ ఇంట్లో నవ్వితే ఆల్డెన్ గారు పక్కగదిలోంచి ఏమైంది అని అడుగుతారు. ఆయనకి కళ్లు సరిగా కనబడవు, చెవులు మాత్రం పాము చెవులు. నేను చూసుకునే పెద్దాయన ఈయనే. ఒకప్పుడు టగ్ బోట్ల మీద వంటవాడు. నేను పప్పు పోపు పెడితే కుర్చీలోంచే "జీలకర్ర మాడింది" అని చెబుతారు. మాడే ఉంటుంది.

నీ పరీక్షలు చేశాను. బరువు ఇరవైఒక్క గ్రాములు. అయస్కాంతం అంటలేదు. అంచు గరుకుగా ఉంది, గీత ఉందో లేదో నాకు తెలియడం లేదు. ఒకరు ఇచ్చారు. అంతకు మించి అడక్కు.

నాకు కావలసింది ఒక్కటే, అసలో నకలో తేల్చి రాయి. నకలని తేలితే బాధపడను. పడనని రాస్తున్నాను, గుర్తుంచుకో. నన్ను సంతోషపెట్టాలని మాత్రం ఏమీ రాయకు. చిన్నప్పుడు నా మార్కులు కూడా నువ్వే పెంచి మా నాన్నకి చెప్పేవాడివి, తర్వాత దెబ్బలు నాకు పడేవి.

స్వెటర్ వేసుకో.

అక్క

*

ఎటోబికో,
నవంబరు

శ్రీశ్రీశ్రీ దేవిశ్రీ గారికి, నిధి యజమానురాలికి,

కూర్చుని చదువు. అసలుదే అక్కా.

గురువుగారు అలా అనలేదు, నేనంటున్నాను. ఆయన నీ ఫోటోని భూతద్దం కింద అటూ ఇటూ తిప్పి, "అసలుది ఇరవైఏడు దగ్గరుండాలి బాబూ, ఆరు గ్రాములు ఎటుపోయాయి?" అన్నారు. సముద్రం తినేసిందండీ అన్నాను. మూడు వందల ఏళ్లు ఉప్పునీళ్లలో ఉన్న వెండి కరిగి బరువు తగ్గుతుందని ఈ స్టాల్‌లో నాకు నేర్పింది ఆయనే. ఆయన టీ తాగారు. "తగ్గుతుంది. నకలు కూడా తగ్గే పుడుతుంది. చేతిలో పెట్టుకుని చూస్తే గానీ నేను నోరు తెరవను" అన్నారు. నా లెక్కలో ఇది ఓటమి ఒప్పుకోవడమే.

పైగా ఫోటోలో ఆ మరకలు చూడు. స్తంభాల మధ్య పల్లంలో బొగ్గులా ఉంది, మిట్టమీద పలచగా. పుస్తకంలో బొమ్మ వేసినట్టు. నల్లదనం సంగతి అడిగితే నువ్వు జవాబు రాయలేదు గానీ, ఫోటోయే రాసింది.

ఇంట్లో అందరికీ చెప్పేశాను. రేవంత్ తెలుసు కదా, మా బేస్‌మెంట్‌లో ఫ్రిజ్ పక్కన పడుకునేవాడు. వాడు లేచి కూర్చుని, "మీ అక్క ఇక డైపర్లు మార్చక్కర్లేదన్నమాట" అన్నాడు. నేను గంభీరంగా తలూపాను. నీ తరఫున చిన్న విందు కూడా ఇచ్చాను, మ్యాగీలో రెండు గుడ్లు.

నాణెం ఇటు పంపు. గురువుగారు చేత్తో చూస్తారు. ఈలోగా నువ్వు మాత్రం ఆ ముసలాయనతో జీలకర్ర విషయంలో గట్టిగా మాట్లాడు, నువ్వు ఇప్పుడు ఆస్తిపరురాలివి.

నీ దివాన్,
జయదేవ్

*

వాంకూవర్,
డిసెంబరు

జయా,

నీ ఉత్తరం వచ్చిన రోజు భోజనం చేయలేకపోయాను. నీ తప్పేమీ లేదు, నేను సగం చెప్పి ఊరుకున్నాను. ఇప్పుడు మొత్తం చెబుతాను.

నాకిచ్చిన గదిలో షెల్ఫ్ మీద పూజ పెట్టె పెట్టుకున్నాను. లక్ష్మీదేవి పటం, చిన్న కుంది. ఒకరోజు ఆల్డెన్ గారు వాకర్ తోసుకుంటూ వచ్చి, పటానికి ముక్కు ఆనించి చాలాసేపు చూశారు. ఆవిడ చేతిలోంచి పడుతున్నవి ఏమిటని అడిగారు. నాణేలని చెప్పాను. వెళ్లి డెస్క్‌లోంచి ఇది తెచ్చారు. "రోజంతా అలా వదులుతుంటే ఆవిడకి అయిపోతాయి, ఇది కలుపు" అన్నారు. పెళ్లయిన కొత్తలో, ఫ్లోరిడాలో ఒక డైవర్ దగ్గర కొన్నారట. ఇవ్వడానికి ముందు బొటనవేలితో రెండువైపులా తడిమారు. ఆయన చూసేది అలాగే. వద్దంటే మొహం ముడుచుకున్నారు. తీసుకున్నాను.

తర్వాత నన్ను ఈ పనిలో పెట్టిన ఏజెన్సీ రూలు గుర్తొచ్చింది. క్లయింట్ దగ్గర విలువైనదేదీ తీసుకోకూడదు. నకలైతే బొమ్మ తీసుకున్నానని మందలిస్తారు, అసలైతే నిధి తీసుకున్నానని పంపేస్తారు. అందుకే నిన్నడిగాను. నకలు కావాలని ఆ లక్ష్మినే మొక్కుకున్నాను. నువ్వేమో అసలని విందు చేశావు.

తిరిగి ఇచ్చేద్దామని రెండుసార్లు డెస్క్‌లో పెట్టాను. రెండుసార్లూ ఆయన తడుముకుని కనిపెట్టి మళ్లీ నా షెల్ఫ్ మీద పెట్టారు.

ఈ నెల ఆయన కూతురు మార్గరెట్ వచ్చింది. నాన్నని కేర్ హోమ్‌కి మార్చాలని సామాను చూసుకుంటోంది. ఇంటి బీమా కోసం ఎప్పుడో తీసిన ఫోటోల్లో ఈ నాణెం ఉంది, డెస్క్‌లో లేదు. అడిగింది. నేను వెంటనే పూజ పెట్టెలోంచి తెచ్చి ఇచ్చాను, ఎలా వచ్చిందో చెప్పాను. ఆవిడ దాన్ని చూసి, ఫోటోని చూసి, మళ్లీ నన్ను చూసింది. "ఇది నాన్నది కాదు" అంది.

ఫోటోలోది నల్లగా ఉంది. నా చేతిలోది మెరుస్తోంది.

నీ తా.క. వచ్చేసరికే తోమేశాను రా. ఆయన ఇచ్చిన తర్వాతి శుక్రవారం, దేవుడి సామానుతో పాటు, చింతపండు పెట్టి. నీకు పంపిన ఫోటో అంతకు ముందుది. నల్లటి వెండి కనిపిస్తే చెయ్యి ఊరుకుంటుందా, అమ్మమ్మ దగ్గర పెరిగినవాళ్లం. తోమాక మిట్టల మీద పసుపు రంగు తేలింది. పసుపు అంటుకుందనుకుని ఇంకా తోమాను. అది లోపలి ఇత్తడి అట, మార్గరెట్ భర్త చెప్పాడు.

నేను మొక్కుకున్నట్టే అది నకలయింది. ఇప్పుడు వాళ్లడిగేది ఒక్కటే, అసలుది ఎక్కడ పెట్టి దీన్ని తెచ్చావని.

ఆల్డెన్ గారిని అడిగారు. ఆయన ఆ రోజు నన్ను వాళ్లావిడ పేరుతో పిలిచారు. ఆవిడకే ఇచ్చానన్నారు.

ఏజెన్సీ నన్ను పనిలోంచి ఆపింది, విచారణ అంటోంది. ఈ పని ఏడాది నిండితే గానీ ఇక్కడ స్థిరపడేందుకు పీఆర్‌కి అప్లై చేయలేను. వర్క్ పర్మిట్ మార్చితో అయిపోతుంది. ఇంకో ఇల్లు ఇస్తే ఆ ఏడాది సరిగ్గా నిండుతుంది, లేకపోతే లేదు.

మార్గరెట్ నాణేన్ని టేబుల్ మీదే వదిలేసి, నీ బొమ్మ నువ్వే ఉంచుకో అంది. దాన్నీ, ఏజెన్సీ వాళ్లిచ్చిన ఫోటో ప్రింటునీ పంపుతున్నాను. మీ గురువుగారు ఏమైనా చేయగలరేమో అడుగు. అమ్మకి చెప్పకు.

అక్క

*

ఎటోబికో,
జనవరి చివర

అక్కా,

బిరుదులు రాయబోయాను, కలం కదల్లేదు.

పార్సెల్ పండగ రద్దీలో ఇరుక్కుని ఆలస్యంగా అందింది. కోదండరామ్ గారి చేతిలో పెట్టాను. ఆయన రెండువైపులా తిప్పి చూశారు. ఆ తర్వాత అడిగారు.

"ఎవరు తోమారు?"

"మా అక్కండీ."

"బాగా తోమింది. మా అమ్మ కూడా ఇంతే."

రాతిపలక మీద వేసి మోగించారు. స్టీలు స్పూను పడ్డట్టు చప్పుడు. అంచుని గోటితో గీరి నాకు చూపించారు, అతుకు ఉంది, ఆకురాయితో అరగదీశారు గానీ ఉంది. అది నకలని ఆయనకి అయిదు నిమిషాల్లో తేలింది. నేను నవంబరులో అంత గంభీరంగా ఇచ్చిన తీర్పు గురించి ఆయన ఒక్కమాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

నకలని తేలడం మనకి చాలదు కదండీ, ఆ ముసలాయన దగ్గర మొదట్నుంచీ ఉన్నది ఇదేనని తేలాలి అని చెప్పాను. ఫోటో పక్కన పెట్టి చూశాం. నల్లదనం ఉండి ఉంటే మరకకి మరక సరిపోల్చి ఆ పూటే తేల్చేసేవాళ్లం. అదే పోయింది. నువ్వు మొదట పంపిన ఫోటో చూపిద్దామంటే, అది అసలుదాన్ని మార్చేయకముందు తీసిందే అంటారు. ఆయన ప్రింటుని ఇంటికి పట్టుకెళ్లారు, పెద్దది చేయించారు, వారం వారం భూతద్దం పట్టుకుని కూర్చున్నారు. బేరాలు వస్తే నన్ను చూసుకోమన్నారు. నేను ఒక్కటీ అమ్మలేదు.

కిందటి శనివారం ఆయన నన్ను చెయ్యి పట్టుకుని లాగారు. ఎడమ స్తంభం పక్కన గసగసాల గింజంత గుంత. ఒకవైపు చిన్న తోక. ఫోటోలో అదే చోట, నలుపు కింద, అదే గుంత, అదే తోక. అచ్చులో లోపమైతే ఆ అచ్చులోంచి వచ్చిన అన్నిటికీ ఉంటుంది, ఇది గాలిబుడగ, ప్రతి పోతకీ వేరేచోట వస్తుంది అని ఆయన చెప్పారు. "మీ అక్క చింతపండు దీన్ని ఏం చేయలేకపోయింది" అన్నారు.

అదే సంగతి రెండు ఫోటోలతో సహా ఇంగ్లీషులో రాసి, సంతకం పెట్టి ఏజెన్సీకి పంపారు. ఈ పూట జవాబొచ్చింది. మార్గరెట్ కూడా చూసి ఒప్పుకుందట. నీమీద ఏ ఆరోపణా లేదు, ఫైలు మూసేశాం అని రాశారు. చదువుతుంటే మా స్టాల్ ముందు సాక్సులాయన కూడా వచ్చి నిలబడ్డాడు.

గెలిచాం అక్కా. ఇక ఆ ఏజెన్సీ వాళ్లని ఇంకో ఇల్లు చూపించమను. ఈసారి దొరికే పెద్దాయనకి చెవులు కూడా వినబడకూడదని నా ఆశీస్సు.

జయదేవ్

*

వాంకూవర్,
ఫిబ్రవరి

జయా,

కోదండరామ్ గారికి నా నమస్కారాలు చెప్పు. ఆయనకి ఏదైనా కొనివ్వు, ఖర్చు నాది.

ఫైలు మూసేశారు. అందులోనే నేనూ ఉండిపోయాను. ఏజెన్సీకి వెళితే ఆవిడ మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. తప్పేమీ లేదని తేలింది, చాలా సంతోషం అంది. ఆల్డెన్ గారు కేర్ హోమ్‌కి వెళ్లిపోయారు కాబట్టి ఆ పని లేదు. నేను ఇంట్లో కూర్చున్న వారాల్లో ఖాళీగా ఉన్న ఇళ్లన్నీ వేరేవాళ్లకి ఇచ్చేశారు. పేర్లు చాలా ఉన్నాయట, అన్నీ మనలాంటి పిల్లల పేర్లే. అయినా ఇప్పుడు పని దొరికినా ఏడాది నిండదు, ఆగిన వారాలు లెక్కలోకి రావు. ఆవిడ కూడా వేళ్లమీద లెక్కపెట్టి చూసింది పాపం. పర్మిట్ అయిపోయేలోపు వెళ్లిపోవడానికి టికెట్ చూసుకుంటున్నాను. కన్సల్టెంట్‌ని అడుగు, లాయర్‌ని అడుగు అని రాయకు, అడిగాను.

మార్గరెట్ కార్డు పంపింది. పువ్వుల బొమ్మ ఉంది. క్షమించమని రాసి, కింద ఇంకో మాట రాసింది, అది నకలని నాన్నకి దయచేసి చెప్పవద్దని.

నిన్న కేర్ హోమ్‌కి వెళ్లాను. ఆయన కిటికీ దగ్గర కూర్చున్నారు. నా అడుగు చప్పుడు విని, "దేవీ, వాళ్లు ఇక్కడ ఉప్పు వేయరు" అన్నారు. ఈసారి నా పేరే పలికారు. కాసేపయ్యాక నాణెం భద్రంగా ఉందా అని అడిగారు. ఉందండీ అన్నాను.

"అది నిజమైనది, తెలుసా. ఓడలోది."

"తెలుసండీ. మా తమ్ముడు నాణేల స్టాల్‌లో పనిచేస్తాడు. వాడు కూడా అసలుదే అన్నాడు."

అబద్ధమేం కాదు, నవంబరులో అన్నావుగా. ఆయన మొహం చూసి ఉండాల్సింది నువ్వు. పక్క కుర్చీలో ఉన్నాయనకి కూడా చెప్పారు, ఈ అమ్మాయి తమ్ముడు పెద్ద నిపుణుడని.

నేను వెళ్లేలోపు ఒకసారి తెస్తే వేలితో తడిమి చూస్తానన్నారు. మార్గరెట్ కూడా సరేనంది. త్వరగా పంపు. మీ గురువుగారి వ్రతం సంగతి నాకు గుర్తుంది. దీనిమీద మాత్రం ముద్ర కొట్టొద్దని చెప్పు.

అక్క

*

ఎటోబికో,
ఫిబ్రవరి

అక్కా,

ఏజెన్సీ జవాబు వచ్చిన పూటే కొట్టేశాం. సొంతదారు ఒప్పుకోవాలి కదా అని గురువుగారు అడిగారు. మా అక్క ఎందుకు వద్దంటుందండీ అని నేనే అన్నాను. మీ అక్క కేసు, నువ్వే కొట్టు అని సుత్తి నా చేతికిచ్చారు. ఒక్క దెబ్బకి దిగింది. సాక్సులాయన చప్పట్లు కొట్టాడు.

నీ ఉత్తరం వచ్చాక ఆయన్ని అడిగాను, ఆకురాయితో రుద్దితే పోతుందా అని. ముద్రతో పాటు శిలువ కూడా పోతుందన్నారు. ఆయన మొహం చూడలేక ట్రేలు సర్దుతూ నిలబడ్డాను.

మళ్లీ నల్లబడాలని ఉడికించిన గుడ్డు చిదిపి డబ్బాలో నాణెంతో పాటు మూసిపెట్టాను. వెండి పూత ఉన్నచోట నల్లబడింది, ఇత్తడి తేలినచోట నల్లబడలేదు. ఆయన కళ్లకి అది చాలు. వాసన వస్తే కడగకు, ఈసారైనా.

ఈ కవర్‌లోనే పెడుతున్నాను. ముద్ర శిలువ వైపు ఉంది, లోతుగా పడింది, వేలికి తగులుతుంది. స్తంభాల వైపు ఎప్పటిలాగే ఉంది. నీ అరచేతిలోనే పెట్టుకుని, అటువైపు తడమనివ్వు.

తిప్పనివ్వకు.

జయదేవ్